పోయిన నాటకం - మిగిలిన కాగితం

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మన సంఘం పుట్టుక గురించి, వేతన సవరణ సంఘాల గురించి సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఒక జిల్లా కార్యాలయంలోని రికార్డు సెక్షన్‌లో గడిపాను. ఏ కాగితం ఉంచాలి, ఏ కాగితం తీసేయాలి అన్న ప్రశ్నతోనే నా కాలమంతా నడిచింది. అందుచేత నాకు తెలిసిన పనికి దగ్గరగా ఉన్న ఒక చరిత్రను ఎంచుకున్నాను. ఇది మన దేశంలో జరిగింది కాదు. ఇంగ్లండులో 1953లో ప్రసారమై, ఆ తరువాత ఎవరికీ చూసే వీలు లేకుండా పోయిన ఒక టెలివిజన్ నాటకం కథ. అయినా చదివితే మనకు కూడా ఎక్కడో తగులుతుందని నా నమ్మకం.

ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న మా మనవరాలు 'వుదరింగ్ హైట్స్' నవలకు ఎన్ని సినిమాలు, ఎన్ని టీవీ నాటకాలు వచ్చాయో జాబితా రాస్తూ, కొన్ని పేర్ల పక్కన 'లభ్యం కాదు' అని రాసుకుంది. "తాతయ్యా, బీబీసీ అంత పెద్ద సంస్థ కదా, ఎలా పోగొట్టుకున్నారు?" అని అడిగింది. అప్పటినుంచి ఈ విషయమై నాకు దొరికినవన్నీ చదివాను. వాళ్లు పోగొట్టుకోలేదు, అసలు ఉంచుకోవాలనే అనుకోలేదు అన్నది క్లుప్తంగా జవాబు. కానీ ఎందుకు అనుకోలేదో తెలుసుకుంటేనే విషయం అర్థమవుతుంది.

ముందుగా నవల సంగతి

'వుదరింగ్ హైట్స్' 1847 డిసెంబరులో లండన్‌లో అచ్చయింది. విక్టోరియా రాణి గద్దె ఎక్కి అప్పటికి పదేళ్లు. పుస్తకం మీద రచయిత పేరు ఎల్లిస్ బెల్ అని వేశారు. అది మారుపేరు. అసలు రాసింది యార్క్‌షైర్‌లోని హావర్త్ అనే చిన్న ఊరిలో, చర్చి మతాధికారి కూతురు ఎమిలీ బ్రాంటీ. ఆడవాళ్లు రాశారంటే చిన్నచూపు చూస్తారని ఎమిలీ, అక్క షార్లెట్, చెల్లెలు ఆన్ ముగ్గురూ మారుపేర్లతోనే పుస్తకాలు వేయించారు. ఎమిలీ అచ్చువేసిన నవల ఇదొక్కటే. పుస్తకం వచ్చిన ఏడాదికి, 1848 డిసెంబరు 19న, క్షయవ్యాధితో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు ముప్పై.

చదవని మిత్రుల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఎర్న్‌షా అనే ఆసామి లివర్‌పూల్ వెళ్లి వస్తూ, వీధిలో దొరికిన ఒక దిక్కులేని పిల్లవాణ్ణి ఇంటికి తెస్తాడు. వాడికి హీత్‌క్లిఫ్ అని పేరు పెడతారు. ఆసామి కూతురు కాథరిన్, ఈ పిల్లవాడు ఒకరికొకరు ప్రాణంగా పెరుగుతారు. తండ్రి పోయాక అన్న హిండ్లీ అతణ్ణి పాలేరును చేస్తాడు. ఇంతలో కాథరిన్‌కు పక్క ఎస్టేటు లింటన్‌ల సంబంధం వస్తుంది. ఒక రాత్రి ఆమె ఇంట్లో పనిచేసే నెల్లీతో మనసులో మాట చెప్పుకుంటుంది. హీత్‌క్లిఫ్‌ను పెళ్లాడితే తన స్థాయి దిగజారుతుందన్న మాట వరకు విని, చాటున ఉన్న అతను లేచి వెళ్లిపోతాడు. అతని మీద తనకున్న ప్రేమ ఎంతటిదో ఆమె ఆ తరువాత చెబుతుంది. ఆ సగం అతని చెవిన పడదు. మూడేళ్ల తరువాత డబ్బు సంపాదించుకుని వచ్చి రెండు కుటుంబాల మీదా పగ తీర్చుకుంటాడు. కాథరిన్ బిడ్డను కని కన్నుమూస్తుంది. పగ రెండో తరం దాకా సాగుతుంది.

రికార్డు మనిషిగా నాకు ఈ నవలలో రెండు విషయాలు ప్రత్యేకంగా తోస్తాయి. ఒకటి, ఈ కథ మొత్తం నెల్లీ జ్ఞాపకం మీదే నిలబడింది. ఇల్లు అద్దెకు తీసుకున్న లాక్‌వుడ్ అనే కొత్త మనిషికి ఆమె చెబుతుంది, అతను రాసుకుంటాడు. ఆమె గుర్తుపెట్టుకుని ఉండకపోతే, అతను రాసుకుని ఉండకపోతే కథే లేదు. రెండోది, ఈ నవలకు ఎమిలీ చేతిరాత ప్రతి నేడు ఎక్కడా లేదు. అయినా నవల బతికింది. అచ్చు పుస్తకం కనుక ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. పది ఇళ్లలో ఉన్న వస్తువు ఒకేసారి పోదు.

తెర మీదికి వచ్చాక ఆ ధీమా లేదు. ఈ నవలను 1920లోనే ఇంగ్లండులో మూకీ సినిమాగా తీశారు. హావర్త్ పరిసరాల్లోనే చిత్రీకరించారు. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా నేడు దొరకదు. 1939లో హాలీవుడ్‌లో లారెన్స్ ఒలివియర్, మెర్ల్ ఓబరాన్‌లతో తీసినది మాత్రం నిక్షేపంగా ఉంది. అందులో రెండో తరం కథ వదిలేశారు. మన హిందీవాళ్లు 1966లో దిలీప్‌కుమార్, వహీదా రెహ్మాన్‌లతో తీసిన 'దిల్ దియా దర్ద్ లియా' కూడా ఈ నవల ఆధారంగా వచ్చిందే. మన పాతతరం మిత్రులలో కొందరు అది హాలులో చూసే ఉంటారు.

ఆనాటి టెలివిజన్

బీబీసీ వారి టెలివిజన్ ప్రసారాలు 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం రాగానే 1939 సెప్టెంబరు 1న ఆపేశారు. మళ్లీ 1946 జూన్ 7న తెరిచారు. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగింది. దాన్ని టీవీలో చూడాలని జనం సెట్లు కొన్నారు. సెట్టు లేనివారు ఉన్నవారి ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. రెండు కోట్లమందికి పైగా చూశారని లెక్క. అక్కడ సెట్టు ఉంటే లైసెన్సు రుసుము కట్టాలి. మన రేడియోలకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. దేశం మొత్తానికి ఒకటే చానలు. పోటీ చానలు వచ్చింది 1955 సెప్టెంబరులో.

ఆ రోజుల్లో టీవీ నాటకం అంటే నిజంగానే నాటకం. ముందుగా చిత్రీకరించి, కత్తిరించి, అతికించి చూపించేది కాదు. నటులు స్టూడియోలో నటిస్తూ ఉండగానే అదే క్షణంలో దేశమంతా చూసేది. ఒకే స్టూడియోలో ఒక మూల వంటిల్లు, ఒక మూల హాలు, మరో మూల పడకగది సెట్టు వేసేవారు. ఒక దృశ్యం ముగియగానే నటుడు చప్పుడు చేయకుండా కెమెరాల తీగలు దాటుకుంటూ రెండో సెట్టుకు పరుగెత్తాలి. దుస్తులు మార్చుకునే వ్యవధి కోసం, ఆరుబయటి దృశ్యాల కోసం, ముందే తీసిపెట్టుకున్న ఫిల్ము ముక్కలు మధ్యలో వేసేవారు. మాట తప్పితే తప్పినట్టే. సురభి వారి నాటకాలు, పద్యనాటక పోటీలు చూసి పెరిగిన మనకు ఈ ఉత్కంఠ బాగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే అక్కడ ప్రేక్షకులు ఎదురుగా ఉండరు, తమ తమ ఇళ్లలో ఉంటారు.

ఆదివారం రాత్రి వేసిన నాటకాన్ని గురువారం మళ్లీ వేయడం రివాజు. మళ్లీ వేయడమంటే రికార్డు వేయడం కాదు. నటులందరూ మళ్లీ వచ్చి, రంగులు పూసుకుని, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ నటించేవారు. రికార్డు చేసి వేస్తే తమకు రావలసిన రెండో రోజు పని పోతుందని నటుల సంఘం అభ్యంతరం చెప్పేది. సంఘాల విలువ తెలిసిన మనం దాన్ని తప్పుపట్టలేం.

నాటకం చేసిన నలుగురు

1953 డిసెంబరు 6, ఆదివారం నాడు బీబీసీ 'వుదరింగ్ హైట్స్' నాటకం ప్రసారం చేసింది. మన లెక్కలో చెప్పాలంటే, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలల ఐదు రోజులు.

దర్శక నిర్మాత రుడాల్ఫ్ కార్టియర్. ఆయన 1904లో వియన్నాలో పుట్టారు. బెర్లిన్ సినిమా స్టూడియోల్లో పనిచేశారు. యూదుడు కావడంతో హిట్లర్ అధికారంలోకి రాగానే జర్మనీ వదిలి వెళ్లవలసి వచ్చింది. యూరపులో ఉండిపోయిన ఆయన తల్లిని నాజీలు పొట్టనపెట్టుకున్నారు. 1952లో బీబీసీలో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, మీ నాటకాలకు కొత్త రచనలు కావాలి, కొత్త పద్ధతి కావాలి అని పై అధికారి ముఖం మీదే చెప్పారు. అయినా ఉద్యోగం ఇచ్చారు. అది ఆ అధికారి గొప్పతనం.

స్క్రిప్టు రాసింది నైజల్ నీల్. 1922లో పుట్టి, ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో పెరిగిన మనిషి. కథల పుస్తకానికి 1950లో సోమర్‌సెట్ మామ్ పేరిట ఉన్న బహుమతి వచ్చింది. నాటక విభాగం అధికారి కొత్త రచనల కోసం తనకు కేటాయించిన ఏడాది బడ్జెట్టు 250 పౌండ్లనూ ఈయన ఒక్కరిని తీసుకోవడానికే వెచ్చించారని చెబుతారు. మార్చి నెలాఖరులో బడ్జెట్టు ఖర్చు చేయడానికి మన కార్యాలయాలు పడే అవస్థ చూసినవాళ్లం కనుక, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

హీత్‌క్లిఫ్ వేషం వేసింది రిచర్డ్ టాడ్. అప్పటికే పేరున్న సినిమా నటుడు. 1944 జూన్ 6న నార్మండీలో పారాచూట్‌తో దిగిన సైనికులలో ఈయన ఒకరు. 'ది హేస్టీ హార్ట్' సినిమాకు ఆస్కార్ నామినేషన్ పొందారు. తనకు హీత్‌క్లిఫ్ వేషం వేయాలని ఉందని ఆయనే బీబీసీ వారిని అడిగారట. అంత పెద్ద నటుడు వస్తానంటే ఎవరు కాదంటారు? వెంటనే స్క్రిప్టు కావాలన్నారు. వారం రోజుల్లో రాసి ఇచ్చానని నీల్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. నాలుగైదు వందల పుటల నవలను వారంలో నాటకం చేయడం సామాన్యమైన పని కాదు.

కాథరిన్‌గా ఈవాన్ మిచెల్ నటించింది. 1957లో ఒక సినిమాకు బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి తెచ్చుకున్న నటి. ఆమె కాథరిన్‌గా ఎలా నవ్వింది, నెల్లీతో ఆ మాట చెప్పినప్పుడు ఎలా తల తిప్పింది అన్నది ఆనాడు ఇళ్లలో కూర్చుని చూసినవారికే తెలుసు. ఆ నాటకం రికార్డు చేసిన దాఖలా లేదు. ఒక్క దృశ్యం కూడా మిగలలేదు.

ఎందుకు రికార్డు చేయలేదు?

ఆనాడు రికార్డు చేసే సాధనమే లేదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. వీడియో టేపు యంత్రం 1956లో అమెరికాలో వచ్చింది కానీ, అంతకుముందే టెలిరికార్డింగ్ అనే పద్ధతి ఉంది. స్టూడియోలో ఒక టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి, తెర మీద వస్తున్నదంతా ఫిల్ము మీదికి ఎక్కించడమే ఆ పద్ధతి. పట్టాభిషేకాన్ని అలా భద్రపరిచారు.

ఇదే కార్టియర్, నీల్ ఇద్దరూ కలిసి 1953 జూలై, ఆగస్టు నెలల్లో 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' అనే ఆరు భాగాల సీరియల్ చేశారు. అంతరిక్షానికి వెళ్లివచ్చిన మనిషి క్రమంగా వింత జీవిగా మారిపోయే కథ. దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఆఖరి భాగంలో ఆ జీవి వెస్ట్‌మినిస్టర్ ఆబే అనే పెద్ద చర్చిలో కనిపించాలి. డబ్బు లేదు. నీల్, ఆయనకు కాబోయే భార్య జుడిత్ కెర్ కలిసి చేతి తొడుగులకు ఆకులూ అలములూ అంటించారు. ఆబే ఫోటోను పెద్దది చేయించి, దానికి కన్నం చేసి, ఆ తొడుగులు వేసుకున్న చేతులను అందులోంచి నీల్ స్వయంగా ఆడించారు. జుడిత్ కెర్ తరువాత పిల్లల పుస్తకాల రచయిత్రిగా ప్రపంచ ప్రసిద్ధురాలయ్యారు.

ఆ సీరియల్ మొదటి రెండు భాగాలను టెలిరికార్డింగ్ చేశారు. కెనడా వారికి అమ్మాలన్న ఆలోచన. రెండో భాగంలో, తీస్తున్న తెర మీద ఒక పురుగు వచ్చి వాలింది. నేటికీ ఆ ఫిల్ములో ఆ పురుగు కనిపిస్తుంది. నాణ్యత బాగాలేదని, ఇక చాలని మానేశారు. మిగిలిన నాలుగు భాగాలు పోయాయి. ఆకుల చేతి తొడుగులు కూడా వాటితోనే పోయాయి. ఆ తరువాత మూడున్నర నెలలకు వచ్చిన 'వుదరింగ్ హైట్స్'కు ఆ రెండు భాగాలకు పట్టిన అదృష్టం కూడా పట్టలేదు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరని గమనించాలి. ఫిల్ము ఖరీదైనది. బొమ్మ మసకగా వస్తుంది. నటుల సంఘంతో ఒప్పందం ప్రకారం మళ్లీ వేయడానికి వీలు తక్కువ. ఇంట్లో పెట్టుకుని చూసుకునే సాధనం ఎవరికీ లేదు. మళ్లీ వేయలేనిదాన్ని డబ్బు పోసి ఎందుకు దాచాలి? ఫైలు మీద ఈ నాలుగు ముక్కలు రాసి పంపితే, నాతో సహా ఏ అధికారి అయినా 'అవసరం లేదు' అనే సంతకం పెట్టి ఉండేవారు. నాటకం అయిపోయింది, తెర పడింది, అంతే.

ఒక ఏడాది తేడా

సరిగ్గా ఏడాది తరువాత, 1954 డిసెంబరు 12న, ఇదే దర్శకుడు, ఇదే రచయిత, ఇదే నటి కలిసి మరో నాటకం చేశారు. జార్జ్ ఆర్వెల్ నవల 'నైన్టీన్ ఎయిటీ ఫోర్'. నాయకుడి వేషం పీటర్ కుషింగ్‌ది. ఈవాన్ మిచెల్ జూలియా వేషం వేసింది. ఆదివారం ప్రసారం కాగానే పెద్ద గొడవ లేచింది. హింస మితిమీరిందని పత్రికలు రాశాయి, పార్లమెంటులో తీర్మానాలు పెట్టారు. గురువారం రెండో ప్రదర్శన ఆపాలా వద్దా అని బీబీసీ పెద్దలు తర్జనభర్జన పడి, చివరికి వేయడానికే నిశ్చయించారు. డిసెంబరు 16న జరిగిన ఆ రెండో ప్రదర్శనను టెలిరికార్డింగ్ చేశారు. అది నేటికీ ఉంది.

కనుక ఈవాన్ మిచెల్‌ను జూలియాగా మనం చూడగలం, కాథరిన్‌గా చూడలేం. అదే దర్శకుడి పనితనం ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఆర్వెల్ నాటకం మంచిది కనుక నిలిచింది, బ్రాంటీ నాటకం చెడ్డది కనుక పోయింది అని ఎవరూ అనలేరు. అసలు చూస్తే కదా పోల్చేది! చరిత్ర మంచిదాన్ని నిలబెట్టి, చెడ్డదాన్ని వదిలేస్తుందని మనం తేలికగా అంటాం. రికార్డు గదిలో ఎక్కువకాలం పనిచేసినవారు ఆ మాట అనరు. చరిత్రకు ఎంపిక చేసే చెయ్యి లేదు. ఆ వారం, ఆ గదిలో, ఆ కుర్చీలో ఉన్న మనిషి తీసుకున్న నిర్ణయమే తరువాత చరిత్ర అవుతుంది.

కాగితం చేసిన మేలు

ఇప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం చెబుతాను. బొమ్మ పోయింది కానీ, నీల్ వారం రోజుల్లో రాసిన ఆ స్క్రిప్టు కాగితాలు పోలేదు. తొమ్మిదేళ్ల తరువాత కార్టియర్ అదే స్క్రిప్టును బయటికి తీసి మళ్లీ నాటకం చేశారు. ఈసారి హీత్‌క్లిఫ్‌గా కీత్ మిషెల్, కాథరిన్‌గా క్లెయిర్ బ్లూమ్. 1962 మే 11న బీబీసీ ప్రసారం చేసింది. ఇది రికార్డయింది, భద్రంగా ఉంది. 1953 నాటి నాటకం ఎలా ఉండేదో ఊహించాలనుకునేవారికి నేడు అదే ఆధారం. రచన ఒకటే, దర్శకుడు ఒకరే, నటులు వేరు.

మన భాషలో చెప్పాలంటే అసలు ఫైలు పోయింది, నకలు దొరికింది. నకలు అసలుకు సమానం కాదు. రిచర్డ్ టాడ్ గొంతు, మిచెల్ చూపు అందులో లేవు. కానీ నకలు కూడా లేకపోతే మనం ఇవాళ ఏమీ మాట్లాడుకోలేకపోయేవాళ్లం.

బీబీసీ వారు బొమ్మల విషయంలో ఎంత నిర్లక్ష్యంగా ఉన్నారో, కాగితాల విషయంలో అంత శ్రద్ధగా ఉన్నారు. స్క్రిప్టులు, ఉత్తర ప్రత్యుత్తరాలు, ఒప్పంద పత్రాలు కట్టలు కట్టి దాచారు. రెడింగ్ పట్టణం దగ్గర కావర్‌షామ్‌లో లిఖిత పత్రాల భాండాగారమే ఒకటి ఏర్పాటైంది. ఏ రోజు ఏ కార్యక్రమం వచ్చిందో అచ్చువేసే 'రేడియో టైమ్స్' పత్రిక 1923 నుంచి నడుస్తోంది. 1923 నుంచి 2009 వరకు ఆ పత్రికలో వచ్చిన కార్యక్రమాల వివరాలను 2014లో కంప్యూటరుకెక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. పోయిన నాటకం పేరు, తేదీ, నటీనటుల వివరాలు మనకు తెలుస్తున్నాయంటే ఇటువంటి కాగితాల చలవే.

మన కార్యాలయాల్లో ఫైలు ముగిశాక దాని మీద ఏదో ఒక ముద్ర వేసేవాళ్లం, గుర్తుండే ఉంటుంది. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచేది. డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తీసేసేది. ఎల్.డిస్. అంటే అంతకంటే ముందే పోయేది. ముద్ర ఏది వేయాలో నిర్ణయించేది ఆ సెక్షన్ గుమాస్తా. ఆ క్షణంలో అతనికి ఉన్న తెలివితేటలు, తీరిక, బీరువాలో మిగిలిన చోటు, ఇవే ఆ కాగితం ఆయుర్దాయం. బీబీసీలో స్క్రిప్టుకు ఆర్.డిస్. పడింది. బొమ్మకు ఏ ముద్రా పడకుండానే గాలిలో కలిసిపోయింది.

టేపులు చెరిపిన కాలం

సాధనం వచ్చాక అయినా పరిస్థితి మెరుగుపడిందా అంటే, లేదు. వీడియో టేపు వచ్చాక నష్టం ఇంకా పెరిగింది. టేపు చాలా ఖరీదు. దానిలో ఉన్న గుణం ఏమిటంటే, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. పొదుపు పేరిట వందలాది కార్యక్రమాలు చెరిపేశారు. నలుపు తెలుపు పోయి రంగుల టీవీ వచ్చాక, పాత నలుపు తెలుపు నాటకాలు ఇంకెవరు చూస్తారన్నారు. 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి బీబీసీ స్టూడియో నుంచి చేసిన ప్రసారంలో చాలా భాగం నేడు లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా తన అసలు టేపులను చెరిపి మళ్లీ వాడుకున్నట్టు 2009లో ఒప్పుకుంది. 'డాక్టర్ హూ' అనే సీరియల్ భాగాలు పదుల సంఖ్యలో పోయాయి. 1978లో బీబీసీ సరైన పద్ధతిలో ఫిల్ము, వీడియో టేపుల గ్రంథాలయం ఏర్పాటు చేసి, ఉంచదగినవి ఎంచడానికి ఒక అధికారిని నియమించాక గాని ఈ పద్ధతి ఆగలేదు.

మనమేమీ వారికి తీసిపోలేదు. తెలుగులో మొట్టమొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీశారు. ఆ సినిమా ప్రతి నేడు లేదు. మన మొదటి టాకీలో మన భాష ఎలా వినిపించిందో మనం ఎన్నటికీ వినలేం.

దొరికినవీ ఉన్నాయి

అంతా నిరాశే కాదు. 2010లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అరవైకి పైగా పాత బ్రిటిష్ టీవీ నాటకాలు దొరికాయి. అమెరికా విద్యా ప్రసార సంస్థ ఒకటి 1950లు, 60లలో వాటిని ప్రసారానికి కొన్నది. ఇంగ్లండులో చెరిపేసినవి అమెరికాలో డబ్బాల్లో ఉండిపోయాయి. వాటిలో నైజల్ నీల్ స్క్రిప్టుతోనే 1965లో మళ్లీ చేసిన 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' కూడా ఉంది. మధ్యలో కొన్ని నిమిషాలు పాడైపోయాయి, మిగతాది దక్కింది. 2013లో 'డాక్టర్ హూ' భాగాలు తొమ్మిది నైజీరియాలోని ఒక టీవీ కేంద్రంలో దొరికాయి. అమెరికాలో 1958లో రిచర్డ్ బర్టన్ హీత్‌క్లిఫ్‌గా ప్రత్యక్ష ప్రసారమైన మరో 'వుదరింగ్ హైట్స్' కూడా పోయిందనే అనుకున్నారు. 2019లో దాని ఫిల్ము ప్రతి బయటపడింది.

ఇవన్నీ ఎలా దక్కాయో చూడండి. రెండో ప్రతి ఇంకో ఊరిలోనో, ఇంకో దేశంలోనో ఉండబట్టి దక్కాయి. 1953 నాటి నాటకానికి అటువంటి రెండో ప్రతి ఉన్నట్టు ఎక్కడా జాడ లేదు. రికార్డే చేయనిది ఏ అటక మీద వెతికినా దొరకదు.

కార్టియర్ 1994లో, నీల్ 2006లో, టాడ్ 2009లో కాలం చేశారు. ఈవాన్ మిచెల్ అంతకు చాలా ముందే, 1979లో పోయింది. ఆ ఆదివారం రాత్రి పదేళ్ల వయసులో చూసినవారు కూడా నేడు ఎనభై దాటినవారు. వారి తరువాత ఆ నాటకం ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు.

మన సంగతి

మిత్రులారా, ఈ వ్యాసం రాయడానికి ఇదే అసలు కారణం. మనమందరం ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రభుత్వ కాగితాలను జాగ్రత్త చేశాం. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ లేకపోతే పెన్షన్ ఎన్ని నెలలు ఆగుతుందో మనకు అనుభవమే. కానీ మన ఇళ్లలోని కాగితాలకు ముద్ర వేసేవారు ఎవరు? గోడ మీది గ్రూపు ఫోటోలో నిలబడ్డవారి పేర్లు మనకు తెలుసు. మన పిల్లలకు తెలియదు. పెళ్లి వీడియో క్యాసెట్లు బీరువా అడుగున బూజు పడుతున్నాయి. అవి ఆడించే యంత్రం కొన్నాళ్లకు బాగుచేయించడానికి కూడా దొరకదు. అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఒక ఆడియో క్యాసెట్టులో ఉన్నాయని గుర్తుంటుంది, ఏ క్యాసెట్టులో ఉన్నాయో గుర్తుండదు.

నాకు తోచిన మూడు పనులు చెబుతాను. ఫోటోల వెనక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. క్యాసెట్లలో ఉన్నవాటిని పిల్లలచేత కంప్యూటరులోకి ఎక్కించి, ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉంచండి. మూడోది, ఆ బొమ్మలో, ఆ పాటలో ఏముందో ఒక కాగితం మీద రాసిపెట్టండి. బొమ్మ పోయినా కాగితం ఉంటుంది. నీల్ స్క్రిప్టు తొమ్మిదేళ్ల తరువాత పనికివచ్చినట్టు, మీ కాగితం ఎప్పుడో ఎవరికో పనికివస్తుంది.

మన సంఘం పాత సంచికలు కూడా కార్యాలయంలో పూర్తిగా లేవు. మీ ఇంట్లో పాత సంచికలేమైనా ఉంటే దయచేసి పారేయకుండా తెచ్చి కార్యదర్శి గారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఒకే సంచిక రెండేసి వచ్చినా ఫరవాలేదు. రెండో ప్రతిని జిల్లా గ్రంథాలయానికి ఇద్దాం.

సెలవు.